పళ్లు లేని అత్తకు దంచిన ముద్ద

"మీ ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే పళ్లు ఊడిపోయాయా అమ్మా?" అని అడిగింది పళ్ల డాక్టరు.

నోట్లో దూది, పెదవికి తగిలించిన గొట్టం, కళ్లల్లో లైటు. సరిగ్గా ఇలాంటప్పుడే ఈ పళ్ల డాక్టర్లకు అడగాల్సినవన్నీ గుర్తొస్తాయి. నేను చెయ్యి ఊపాను. అది అవునో కాదో ఆమెకు అర్థం కాలేదు.

కింది దవడలో ఒక పన్ను పోతే కొన్నేళ్ల కిందట తుమకూరులో ఇంప్లాంటు పెట్టించుకున్నాను. ఎముకలోకి ఒక మర బిగించి దాని మీద పన్ను తొడిగారు. లోహంతో చేసింది కదా, దానికింక రోగమేముంటుందిలే అని ధీమాగా ఉన్నాను. ఏడాదికి రెండుసార్లు వచ్చి చూపించుకోమన్నారు. నొప్పి లేకుండా డాక్టరు గడప తొక్కే అలవాటు మా వంశంలోనే లేదు. ఈమధ్య పళ్లు తోముకుంటుంటే ఆ పన్ను దగ్గర రక్తం కనబడింది. వేలితో ఒత్తితే చీము వచ్చింది. అప్పుడు పరుగెత్తాను.

డాక్టరమ్మ తెర మీద ఎక్స్‌రే చూపించింది. మర చుట్టూ ఎముక తరిగిపోయి గుంట పడింది, వాన నీళ్లకు మొదలు దగ్గర మట్టి కొట్టుకుపోయిన గుంజలాగా. "పన్ను మనం పెట్టిందే అయినా చుట్టూ ఉన్న చిగురూ ఎముకా మీవే కదమ్మా. జబ్బు వాటికి వస్తుంది" అంది. సరిగా శుభ్రం చేసుకోకపోయినా, పొగాకు అలవాటున్నా, సుగరు అదుపులో లేకపోయినా, అంతకుముందు చిగుళ్ల జబ్బుతోనే పళ్లు పోగొట్టుకున్నవాళ్లయినా, ఇంప్లాంటు చుట్టూ ఎముక ఇలా కరిగిపోవచ్చట. "నొప్పి మాత్రం ఉండదు. అదే దీంతో వచ్చిన చిక్కు" అంది చివర్లో.

నొప్పి ఉండదన్న మాట దగ్గర మా మేనత్త వచ్చి నా పక్కన నిలబడింది. ఆమె పోయి ముప్పై ఏళ్లు దాటింది.

మా నాయనకు అక్క. భర్త పోయాక పావగడ తాలూకా మంగళవాడలో మా ఇంటికే వచ్చేసింది. పిల్లల్లేరు. అయినా నన్ను "కోడలా" అనే పిలిచేది. "కొడుకు లేకుండా కోడలేందత్తా?" అంటే, "కొడుకుదేముందే, యాడో ఒగడు దొరుకుతాడు. కోడలు దొరికేదే కష్టం" అనేది. అని నవ్వేది. ఆ నవ్వు గురించి చెప్పాలి. పెద్ద పెద్ద పళ్లు, తెల్లనివి, ముందు రెండింటి మధ్య కాస్త సందు. ఆమె నవ్విందంటే అంతకుముందు ఎవరు ఏ మాట మీద పోట్లాడుకుంటున్నారో వాళ్లే మరిచిపోయేవాళ్లు. నవ్వి, నన్ను దగ్గరికి లాక్కుని, రెండు బుగ్గల మీదా చప్పుడయ్యేటట్లు ముద్దులు పెట్టేది. నేను అరచేత్తో తుడుచుకునేదాన్ని. తుడిచిన చోటే మళ్లీ పెట్టేది.

ఆ ఎనభైల కాలంలో మా తాలూకాలో వేరుశనగ తప్ప ఇంకో పంట ఊసు లేదు. వాన వస్తే వేరుశనగ, రాకపోతే వచ్చే ఏటికి దాచిన విత్తనం. విత్తనం కాయల్ని మిషన్‌కు వేయరు. గింజ మీది పొర చిట్లితే మొలవదు. అందుకని విత్తే కాలం దగ్గర పడగానే ఆడవాళ్లంతా ఒకరింటికొకరు పోయి చేత్తో ఒలిచేవాళ్లు. మా ఇంటి పంచలో ఆ రోజుల్లో నడవడానికి దారి ఉండేది కాదు, అంతా పొట్టు. వేళ్ల కొనలు పగిలి రక్తం వచ్చేది. అత్త మాత్రం మొండి కాయల్ని పంటి కింద పెట్టి టక్కున విరిచేది. "పల్లు ఉండేది ఎందుకు మరి?" అనేది.

కాయ ఎండిందా లేదా చూడటం కూడా ఆమె పంటితోనే. నా చెవిని తన బుగ్గకు ఆనించుకుని గింజ కొరికేది. "పలికిందా?" అని అడిగేది. ఎండిన గింజ పటుక్కున పలుకుతుంది, పచ్చిది మెత్తగా నలుగుతుంది. పలికినా పలకకపోయినా కొరికిన ఆ గింజ నా నోట్లోనే పెట్టేది. మా అమ్మ వంటింట్లోంచి "ఎంగిలొదినా, ఎంగిలి!" అని అరిచేది. మేమిద్దరం వినబడనట్లు ఉండేవాళ్లం.

అలా కొరికి చూసిన గింజ తప్ప, పంచలో కూర్చున్న ఆడవాళ్లకు ఇంకొక్క గింజ కూడా నోట్లోకి పోకూడదు. అది విత్తనం. కరువు ఏడాది, పొద్దున తాగిన అంబలి ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది, ఒడి నిండా ఎర్రటి గింజలు. తినకుండా ఉండటమెట్లా? దానికి మా ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. ఒలవడానికి కూర్చోగానే ఇంటి పెద్దామె అందరికీ తలా ఒక పొగాకు తుంట పంచేది. దవడన పెట్టుకుంటే ఆకలి చచ్చిపోతుంది, నోరు కారంతో నిండి ఉంటుంది, చెయ్యి విత్తనం మీదికి పోదు. అలా ఎన్నేళ్లు చేశారో ఎవరికీ తెలియదు. అత్తకు కూడా వయసు పిల్లగా ఉన్నప్పుడే మా అవ్వే తన చేత్తో పెట్టిందట.

మిగతావాళ్లు పని కాగానే ఉమ్మేసి నోరు కడుక్కునేవాళ్లు. అత్త ఉమ్మేది కాదు. కరువేళ్లల్లో అది ఆమెకు ఇంకో పనికి కూడా ఉపయోగపడింది. సంగటి ముద్ద చిన్నదైన రోజున, "నాకు నోట్లో ఉండాది లే, మీరు తినండి" అని లేచి బయటికి పోయేది. ఆ మాట మా ఇంట్లో ఎంత మామూలైపోయిందంటే, ఆమె ఏమీ తినలేదని మాకు తట్టేదే కాదు.

నా ముందు పాలపన్ను ఊడిన రోజునే ఆమె పన్ను కూడా ఒకటి ఊడింది. నాది ఊడింది సరే, వయసది. ఆమెకు అప్పుడు నలభై కూడా లేవు. గింజ కొరుకుతుంటే గింజకు బదులు పన్నే చేతిలోకి వచ్చింది. చూసి ముందు బెదిరింది. తర్వాత నన్ను పిలిచి, నా పన్నూ తన పన్నూ రెండూ పేడ ముద్దలో పెట్టి, మా మట్టి మిద్దె మీదికి విసిరింది. "ఇద్దరికీ కొత్త పల్లు రావాల. ఎవురికి ముందొస్తాదో చూస్తాం" అంది. నెల తిరక్కుండానే నాకు చిగురులో తెల్లగా కనబడింది. నేను రోజూ ఆమె నోరు తెరిపించి చూసేదాన్ని. "రాలేదత్తా" అంటే, "నాది సోమరి పన్ను లే, నిదానంగా వస్తాది" అనేది.

రాలేదు. మిగిలినవి కూడా వదులు కాసాగాయి. చిగుళ్లు ఉబ్బి ఎర్రగా, ముట్టుకుంటే రక్తం. ఉప్పు, బొగ్గుపొడి, చివరికి పొగాకు కాల్చిన మసి కూడా రుద్దింది. నోటికి దుర్వాసన వచ్చింది. ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పారో, ఎవరైనా మొహం తిప్పుకున్నారో తెలియదు గానీ, ఒక రోజు నుంచి నవ్వినా మాట్లాడినా నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. నన్ను ముద్దు పెట్టుకోవడం మానేసింది. దగ్గరికి పోతే తల మీద చెయ్యి వేసి మొహం పక్కకు తిప్పుకునేది. నామీద కోపమొచ్చిందనుకున్నాను. ఏం చేశానా అని ఎంత ఆలోచించినా తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే, ఆ ముద్దుల్ని తుడుచుకున్న రోజులన్నీ తిరిగి కావాలనిపిస్తుంది.

ఒకసారి పావగడ సంతకు నన్ను తోడు తీసుకుపోయింది. ఆ సంతలో ఒక చెట్టు కింద పళ్లు పీకేవాడు కూర్చునేవాడు. ముందర గుడ్డ పరిచి, దాని మీద పీకిన పళ్లు, కట్టుడు పళ్ల వరసలు, ఒక చెయ్యద్దం. వాడు అత్త నోట్లో వేలు పెట్టి ఒక పన్ను అలా పట్టుకున్నాడో లేదో, వచ్చేసింది. పట్టకారు తియ్యనే లేదు.

"నొప్పేసిందా అత్తా?" అన్నాను ఏడుపు గొంతుతో.

"లేదే. వాన పడిన చేనులో శెనక్కాయ చెట్టు పెరికినట్ల వచ్చేసింది" అంది. నవ్వబోయి ఆగిపోయింది. అంత సుళువుగా రావడం ఆమెకే భయమేసినట్లుంది.

వాడు కట్టుడు పళ్ల వరస ఒకటి చేతికిచ్చి అద్దం పట్టాడు. "సూడక్కా, అచ్చం నీవే" అన్నాడు. అత్త దాన్ని పెదాలకు ముందు పట్టుకుని అద్దంలో చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. తర్వాత మెల్లగా గుడ్డ మీద పెట్టేసి, "ఎవురిదోప్పా ఈ నవ్వు. నాది ఇట్ల ఉండలేదు" అంది.

నేను హైస్కూలుకు వచ్చేసరికి ఆమె నోట్లో ఒక్క పన్ను కూడా లేదు. అప్పుడే మా నాయన దంచడం మొదలుపెట్టాడు.

మా నాయన మాటల మనిషి కాదు. అక్క మీద ప్రేమ ఉందని నోటితో ఏనాడూ చెప్పి ఉండడు. మా అవ్వ ఆకువక్క దంచుకునే చిన్న రాతి రోలు మూల పడి ఉంటే దాన్ని కడిగి, వేయించిన వేరుశనగ గింజలు, బెల్లం వేసి, పొద్దున్నే పంచలో కూర్చుని దంచేవాడు. వేళ్ల మధ్య పట్టి చూసి, ఇంకా పలుకు తగిలితే మళ్లీ దంచేవాడు. వెన్నలాగా అయ్యాక ముద్ద చేసి, అక్క చేతిలో పెట్టి చేనికి పోయేవాడు. మేము పక్కన కూర్చుని నోరూరించుకునేవాళ్లం. మాకు వేలికి అంటింది మాత్రమే. "పల్లున్నోళ్లు కొరుక్కొని తినండి. ఇది పల్లు లేనోళ్లది" అనేవాడు.

పని మీద వేరే ఊరు పోయినా, పెళ్లికి పోయినా మర్నాడు పొద్దుటికి వచ్చి దంచాల్సిందే. ఊళ్లోవాళ్లు కూడా చూసి ముచ్చటపడేవాళ్లు. అక్కాతమ్ముళ్లంటే వీళ్లే అనేవాళ్లు. పళ్లు లేని మనిషికి ఇంతకంటే బలమైన తిండి ఏముంటుందని మేమందరం నమ్మాం. అత్త ముద్దను నోట్లో వేసుకుని కళ్లు మూసుకుని నాలుకతో అటూ ఇటూ తిప్పేది. పోయిన పళ్లన్నీ కాసేపు తిరిగొచ్చినట్లుండేది ఆమె మొహం.

అయినా చిక్కిపోతూనే ఉంది. దాహం ఎక్కువైంది. బోర్లెండిపోయి, ఆడవాళ్లు చేనుగట్ల వెంట పోయి బిందెలు మోసుకొచ్చే కాలం అది. అలాంటి నీళ్లను చెంబుల కొద్దీ తాగాల్సి రావడం ఆమెకు చచ్చేంత సిగ్గు. "ఈ ముండ పొగాకు, నోరంతా ఎండగొడతాండాది" అని దాన్ని తిట్టేది. తాగిన నీళ్లకు బదులన్నట్లు తనే బిందె తీసుకుని బయలుదేరేది. అలా పోయినప్పుడే కాలికి కంపముల్లు గుచ్చుకుంది.

ముల్లు తీసేసింది. పుండు మానలేదు. పసుపు పెట్టారు, ఆకు కట్టారు. వేళ్లు నల్లబడ్డాక మా నాయన ఎద్దుల జత అమ్మేసి హిందూపురం తీసుకుపోయాడు. నేనూ వెంట ఉన్నాను.

అక్కడి డాక్టరు పెద్దమనిషి, ఓపికగా అడిగాడు. "ఏం తింటాది ఈమె?"

"పల్లు లేవు సార్" అన్నాడు మా నాయన. జీవితంలో మొదటిసారి ఆయన గొంతులో గర్వం విన్నాను. "నేనే రోజూ నా చేత్తో దంచి పెడతా. శెనగ్గింజలూ బెల్లమూ. దాంతోనే ఈ మాత్రం నిలబడి ఉండాది."

"బెల్లమా?" అన్నాడు డాక్టరు.

"అవును సార్. మంచి బెల్లమే."

డాక్టరు లేచి వచ్చి మా నాయన భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. ఆమెకు సుగరుంది. ఎన్నాళ్లనుంచో ఉంది. చిగుళ్లు చెడిపోవడానికి పొగాకు ఒకటైతే ఇది ఒకటి. ఈ దాహం, ఈ చిక్కిపోవడం, మానని ఈ పుండు, అన్నీ దానివే. పళ్లు ఊడుతున్నప్పుడే రక్తం పరీక్ష చేయించి ఉంటే బాగుండేది. "మీరు పెట్టినందువల్ల వచ్చిన రోగం కాదప్పా ఇది, ముందే ఉండింది. కానీ ఇప్పట్నుంచి తీపి చిటికెడు కూడా వద్దు."

మా నాయన ఆ చివరి మాట ఒక్కటే విన్నాడు. వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తన రెండు అరచేతుల్నీ చూసుకున్నాడు. చాలాసేపటికి అన్నాడు, "అక్కకు సుగరని చెప్పొద్దండి. నేను ఏమనుకుంటాండానో దానికి తెలిసిపోతాది. దానికి నా బాధలు కూడా కావాల్నా?"

అందుకని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాలి పుండని మాత్రమే అనుకుంది. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి మంచం మీంచి "తమ్ముడా, ముద్ద తేలేదా?" అని అడిగింది. వేరుశనగ గింజలు మటుకు కొంచెం పెట్టవచ్చని డాక్టరు చెప్పాడు. మా నాయన ఊరికి పోయి, బెల్లం లేకుండా దంచి తెచ్చాడు. అరచేతిలో పెట్టి, ఆమె మొహంలోకి చూడలేక, మంచం కోడు వంక చూస్తూ నిలబడ్డాడు.

అత్త నోట్లో వేసుకుంది. నాలుకతో అటూ ఇటూ తిప్పింది. ఒక్క క్షణం ఆగింది. తమ్ముడి వైపు చూసింది, భుజం దగ్గర చిరిగిన చొక్కా చూసింది.

"చానా తియ్యగా ఉండాది తమ్ముడా" అంది.

ఆయన నీళ్లు తెస్తానని చెంబు పట్టుకుని గబగబా బయటికి పోయాడు. అత్త నా చెయ్యి పట్టి దగ్గరికి లాగింది.

"కోడలా, దీంట్లో బెల్లం లేదే" అంది మెల్లగా. "ఎద్దుల్నమ్మి నన్ను ఈడికి తెచ్చినాడు. ఇంక బెల్లానికి యాడ పోతాడు పాపం? వానికి తెలీనీయొద్దు. అడిగితే తియ్యగానే ఉండాదంట అని చెప్పు."

నేను తల ఊపాను. ఇద్దరి రహస్యాలూ నా దగ్గరే ఉన్నాయి, ఒకటి విప్పితే రెండోది కూడా విప్పాలి. అత్త అలవాటుగా నా బుగ్గ వైపు వంగింది. సగంలో గుర్తొచ్చి ఆగిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనే ఆ కొంగు తీసేసి, లొట్టపోయిన ఆ రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టాను. చప్పుడయ్యేటట్లే పెట్టాను. అత్త నోరంతా తెరిచి నవ్వింది. పళ్లు లేకపోయినా అదే నవ్వు, సంతలో ఆమె వెతుక్కున్నది. అంతకు మించి ఆమె దగ్గర నాకు మిగిలింది లేదు. వారం తిరక్కుండానే పోయింది.

డాక్టరమ్మ నా నోట్లోంచి దూది తీశాక చెప్పాను. "మా మేనత్తకు ఊడిపోయాయి."

"సుగరుండేదా ఆమెకు?"

"ఉండేది. మాకు తెలియలేదు."

నాకూ పరీక్ష చేయించింది. ఎక్కువే ఉంది. చిగురు లోపలంతా శుభ్రం చేసి, మందు పెట్టి, ముందు సుగరు దించుకుని రమ్మంది. ఇప్పుడే కనబడింది కాబట్టి మిగిలిన ఎముకను నిలబెట్టుకోవచ్చంది. అదృష్టవంతులు అంది. అవును, అదృష్టమే. నా నోట్లోకి చూసి నా రక్తం సంగతి అడిగే మనిషి దొరికింది. అత్త నోట్లోకి చూసినవాళ్లందరూ పళ్లే చూశారు.

అత్త సమాధి దగ్గర కూడు పెట్టిన రోజు ఒకటి మిగిలింది చెప్పడానికి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టాలి మా దిక్కు. అమ్మ సంగటి వండింది, ఆకువక్క తెచ్చింది, కాస్త పొగాకు కూడా పెట్టింది. మా నాయన పొద్దున్నే పంచలో రోలు ముందు కూర్చున్నాడు. పక్కన కాగితంలో బెల్లం ఉంది. గింజలు ఎప్పుడో మెత్తబడిపోయాయి. అయినా దంచుతూనే ఉన్నాడు, బెల్లం ముట్టుకోవడం లేదు. వాకిట్లో చుట్టాలు ఎదురుచూస్తున్నారు.

"పొద్దు పోతాండాది, బెల్లమెయ్యరాదూ" అంది అమ్మ.

ఆయన నావైపు తిరిగాడు. "ఆపొద్దు అక్కకు తెలిసిందా అమ్మా? బెల్లం లేదని?"

"లేదు నాయనా" అన్నాను. "చానా తియ్యగా ఉండాదనే చెప్పింది."

మా నాయన కాగితం విప్పాడు. మామూలుగా వేసేంత కాదు, ఉన్న బెల్లమంతా రోట్లో వేశాడు. కళ్లు తుడుచుకోకుండానే రోకలి ఎత్తాడు.

"తిను అక్కా. ఇంక ఎంత తిన్నా ఏం గాదులే" అన్నాడు.